బోర్లించిన డబ్బా

నాణేల చుట్టని ఎలా పగలగొట్టేవాళ్ళో చూపించమన్నారు.

ఆర్లీన్ చుట్టని అరచేతిలో ఒకసారి ఎగరేసి చూసుకుని, నడుం పట్టీకున్న రేకు సొరుగు అంచు మీద కొట్టింది. గుడ్డు కొట్టినట్టు, ఒకటే దెబ్బ. కాగితం మధ్యకి చీలి, బిళ్ళలన్నీ గలగలమంటూ సొరుగులోకి జారాయి. ఒక్కటి కూడా కింద పడలేదు. చేతికి అన్నీ గుర్తున్నాయి. భుజానికే లేవు. లోపలెక్కడో కలుక్కుమంది. మొహంలో మాత్రం ఏమీ తెలియనివ్వలేదు ఆర్లీన్. పని అడగడానికొచ్చిన మనిషి భుజం నొప్పి గురించి మాట్లాడకూడదన్న సంగతి డెబ్బై ఏళ్ళు దాటాక ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

"అబ్బ, భలే ఉంది! ఇంకోసారి," అంది టేగన్, ఫోన్ పైకెత్తి.

టేగన్ ఆ గదికి ఇన్‌ఛార్జి. ఆర్లీన్ ఇంట్లో ఉన్న ఫ్రిజ్ కంటే వయసులో చిన్నది. మంచి పిల్లే. కాకపోతే ఆ నవ్వుని ఎవరో ఆన్ చేసి, ఆపడం మర్చిపోయి వెళ్ళిపోయినట్టుంటుంది.

ఆర్లీన్ ఇంకోసారి కొట్టింది. వెలుతురు బాలేదంటే ఆ పక్కకి జరిగి మళ్ళీ కొట్టింది.

గది పేరు 'ఆ రోజులు'. పాత లాంటర్న్ క్యాసినో హోటల్ని పేల్చేసిన చోటే ఈ కొత్త లాంటర్న్ లేచింది. పేల్చిన రోజు సగం వేగస్ మడతకుర్చీలూ బీర్లూ తెచ్చుకుని ఎదురుగా పార్కింగులో కూర్చుంది. పేలుడు మందు అంటుకోగానే హోటల్ మోకాళ్ళ మీద కూలబడింది. జనం చప్పట్లు కొట్టారు. పక్కవాళ్ళు కొడుతున్నారని ఆర్లీన్ కూడా కొట్టింది. ఇప్పుడు అదే నేల మీద అలాంటి ఎర్ర తివాచీనే నేయించి పరిచి, చేత్తో పిడి లాగే పాత జూదం మిషన్లు ఎక్కడెక్కడివో ఏరుకొచ్చి వరసలుగా పెట్టారు. మిగతా హోటలంతా మిషన్లు కార్డు మింగి కాగితం కక్కుతాయి. నాణేల చప్పుడు స్పీకర్లోంచి వస్తుంది. ఈ ఒక్క గదిలో మాత్రం నిజంగా రాలతాయి. నిజంగా అంటే, ఇత్తడి బిళ్ళలు. టిక్కెట్టు కొనుక్కుని లోపలికొస్తే ఒక ప్లాస్టిక్ డబ్బా నిండా బిళ్ళలిస్తారు. ఆడుకున్నంతసేపు ఆడుకుని, పోయేటప్పుడు ఉన్నవన్నీ తిరిగిచ్చేసి ఫోటో పట్టుకెళ్ళాలి. గెలిచినవాడికీ ఫోటోయే, ఓడినవాడికీ ఫోటోయే.

ఆ గదికి ఒక చిల్లరమ్మాయి కావాల్సొచ్చింది. నడుముకి నాణేల పట్టీ కట్టుకుని, మిషన్ల వరసల మధ్య నోట్లు తీసుకుంటూ చిల్లరిస్తూ తిరిగే ఆడవాళ్ళని వెనకటికి అలాగే పిలిచేవాళ్ళు, అరవయ్యేళ్ళు నిండినా సరే. పాత లాంటర్న్‌లో నాణేలు ఉన్నన్నాళ్ళూ ఆర్లీన్ ఆ పనే చేసింది.

"పట్టీ ఇంత తేలిగ్గా ఉందేంటమ్మా?" అంది, తుంటి మీద సర్దుకుంటూ.

"లోపల స్పాంజి పెట్టించాం. మీ వయసు చూసి."

"తేలిగ్గా ఉంటే నడక రాదు. ఆ నడక మాది కాదు, బరువుది."

"బరువున్నట్టు నడవండి మరి," అంది టేగన్ నవ్వుతూ.

ఆర్లీన్ లేని బరువుని ఎడమ తుంటి మీదకి ఎత్తుకుని, కుడికాలు కాస్త ఈడుస్తూ, వరస చివరిదాకా నడిచింది. "చిల్లరా... చిల్లర!" అని గొంతెత్తింది. రెండో 'చిల్లర'ని ఎప్పుడూ పొట్టిగా తుంచాలి. లేకపోతే మిషన్ల మోతలో కలిసిపోతుంది. ఇప్పుడు మోత లేదు. గొంతు ఎదురు గోడకి తగిలి తిరిగొచ్చింది.

టేగన్ ఒక జత తెల్ల చేతితొడుగులు ఇచ్చింది.

"ఇవెందుకు?"

"ఫోటోల్లో చేతులు బాగా పడాలని."

ఆర్లీన్ తన చేతుల వంక చూసుకుంది. నాణేలు పట్టుకున్న చేతులు సాయంత్రానికి బొగ్గు పట్టుకున్నట్టయ్యేవి. సబ్బు మీద సబ్బు అరిగేది. ఆ మాట చెప్పబోయి మానేసి, తొడుగులు తొడుక్కుంది.

"శుక్రవారం ప్రారంభం. పైవాళ్ళంతా వచ్చి చూస్తారు," అంది టేగన్. "మిమ్మల్ని పర్మనెంటుగా ఉంచాలా, ఎవరైనా అమ్మాయిని పెట్టాలా అన్నది ఆ తర్వాత తేలుస్తారు. నా ఓటు మీకే."

"ఉంచితే ఎక్కడుంచుతారు? లోపల కూర్చోబెట్టి ఎవరికో నేర్పమంటారా?"

"లేదు లేదు. ఇక్కడే, ఫ్లోర్ మీద, ఆడేవాళ్ళ మధ్యే."

ఫ్లోర్ మీద. ఆర్లీన్‌కి ఆ మాట చాలు. అడగాల్సినవి చాలా ఉన్నా సరే.

*

"మళ్ళీ ఆ గోతిలోకే దిగుతావా?" అంది ఒడెట్.

ఒడెట్ ఫోంట్నో నల్లావిడ, పక్క ట్రెయిలర్ ఇంట్లో ఉంటుంది. తగరపు పందిరి కింద కుర్చీ వేసుకుని, చన్నీళ్ళ తొట్టిలో రెండు పాదాలూ పెట్టుకుని కూర్చుంది. ఆ పాదాలు పాత లాంటర్న్‌లో గదులు ఊడుస్తూ తిరిగిన పాదాలు. ఒడిలో గిన్నె, గిన్నెలో రాజ్మా అన్నం. సోమవారం వండితే వారమంతా తింటుంది. అందులో వేసిన పంది సాసేజి ముక్కలు ఏరి ఆర్లీన్ పళ్ళెంలో వేస్తోంది, డాక్టరు తనని తినొద్దన్నాడు కాబట్టి.

"గొయ్యి కాదు. ఏసీ ఉంది," అంది ఆర్లీన్.

"శవాల గదిలో కూడా ఉంటుందే ఏసీ."

"నీకు ఎప్పుడూ అంతే. నచ్చదు. మనం ఉన్నప్పుడు ఎలా ఉండేది ఊరు! బూట్లు తుడుచుకోకుండా ఎవడైనా లోపలికొచ్చేవాడా? కారు పెట్టుకోడానికి డబ్బులడిగేవాడా ఎవడైనా? మా అమ్మ ఆస్పత్రిలో ఉందని తెలిసి డికర్సన్ మా వరస దగ్గరికొచ్చి ఎలా ఉందమ్మా అని అడిగాడు. అంత పెద్ద మేనేజరు. ఇప్పుడున్నవాళ్ళకి నా పేరు చొక్కా మీద రాసుంటే గానీ తెలీదు."

"క్రిస్మస్‌కి టర్కీ కోడి కూడా పంచాడుగా, చెప్పు, అది మర్చిపోయావేం?"

"పంచాడు. అబద్ధమా?"

"నేనూ తిన్నాలే ఆ కోడి. మెత్తగా ఉంది." ఒడెట్ ఇంకో ముక్క ఏరింది. "ఏడో అంతస్తులో ఆయన గది ఉండేది. ఆయన ఒక్కడే వెళ్ళని రోజుల్లో, తెల్లారి ఆ మంచం మీది దుప్పట్లు తీసింది నేను. బాత్రూంలో కూర్చుని ఏడుస్తున్న పిల్లకి నా స్వెటర్ ఇచ్చి వెనక మెట్లమీంచి దింపింది నేను. ఒక పిల్ల కాదు, ఒక స్వెటర్ కాదు. నువ్వు కింద దీపాలు చూశావే తల్లీ. నేను పైన దుప్పట్లు చూశాను."

ఆర్లీన్ సాసేజి ముక్క నమిలింది. ఈ మాట ఒడెట్ ఇంతకు ముందు ఎప్పుడూ అనలేదు. అన్నా ఆర్లీన్ వినలేదేమో.

"సరే, ఆ హోటల్ని మాఫియా దొంగవెధవలే నడిపారు," అంది చివరికి. "కానీ బోర్లించిన డబ్బాని ఎవడైనా ముట్టుకునేవాడా? అది చెప్పు."

ఆడుతున్న మనిషి బాత్రూంకి వెళ్ళాల్సొస్తే, ఖాళీ డబ్బాని మిషన్ పిడి మీద బోర్లించి, కుర్చీని మిషన్‌కి ఆనించి వెళ్ళేవాడు. బస్సు సీట్లో కర్చీఫ్ వేసినట్టు. కర్చీఫ్‌నైనా తీసేసేవాళ్ళుంటారు గానీ, డబ్బాని ఎవరూ తీసేవాళ్ళు కాదు. తియ్యకుండా చూడటం చిల్లరమ్మాయి పని. ఎక్కడా రాసిలేని పని.

"స్తంభం పక్క మిషన్, హోల్కమ్ గారిది. వాళ్ళావిడ ఆపరేషన్ రోజున ఆయన డబ్బా బోర్లించి ఆస్పత్రికి పోయాడు. మధ్యాహ్నమంతా కాశాను. నా భోజనం మానుకుని కాశాను. అలాంటి రోజులే అవి."

ఒడెట్ పాదాలు తొట్టిలోంచి తీసి తువ్వాలుతో మెల్లిగా అద్దుకుంది.

"మా ఆయన కూడా పెట్టాడు ఒకసారి. పెళ్ళిరోజని కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు కిందకి. డబ్బా బోర్లించాడు, కుర్చీ ఆనించాడు, అన్నీ అందర్లాగే. తిరిగొచ్చేసరికి డబ్బా నేల మీదుంది. కుర్చీలో ఒక తెల్లాయన ఉన్నాడు. లేవలేదు. మా ఆయన డబ్బా తీసుకుని ఇంటికొచ్చాడు. చాలా రోజులు అందులో మేకులు పోసుకున్నాడు."

ఆర్లీన్ చేతిలో స్పూను ఆగిపోయింది. "నా డ్యూటీలో కాదు."

"నీ డ్యూటీలో కాదులే," అంది ఒడెట్. "తిను. చల్లారిపోతుంది."

*

గురువారం పిలిచినవాళ్ళకి మాత్రమే గది తెరిచారు. పెద్దగా ఎవరూ రాలేదు. వచ్చినవాళ్ళు పిడి ఎటు లాగాలో తెలీక పైకి ఎత్తడానికి చూశారు. ఆర్లీన్ వాళ్ళ చేతులు పట్టుకుని లాగించింది. బిళ్ళలు రాలినప్పుడు వాళ్ళు ఉలిక్కిపడ్డారు, ఏదో విరిగిందనుకుని.

పాతదాని లాగే కట్టిన స్తంభం పక్క మిషన్ దగ్గర ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. మెడలో తాడు టై, దానికి పచ్చరాయి బిళ్ళ. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. కుర్చీ పక్కన చిన్న చక్రాల సిలిండరు. బిళ్ళ వేసి, పిడి లాగి, ఏమొచ్చిందో చూడకుండానే ఇంకో బిళ్ళ తీసుకుంటున్నాడు. అలా చూడకుండా ఆడేవాళ్ళే అసలైన ఆటగాళ్ళు.

ఆర్లీన్ వరస చివర్నించి ఆయన్నే చూసింది. జుట్టు పోయింది. భుజాలు వంగాయి. కానీ ఆ స్తంభం, ఆ కుర్చీ, చొక్కా చేతులు మోచేతిదాకా మడిచిన తీరు. దగ్గరికెళ్ళింది. ఎందుకో తొడుగులు సర్దుకుంది.

"చిల్లర కావాలా సార్?"

ఆయన తలెత్తాడు. ఆమె మొహంలోకి చూసి, కళ్ళు చిన్నవి చేసి, నవ్వాడు.

"అరే! నువ్వు నాకు గుర్తున్నావు," అన్నాడు.

ఆర్లీన్ ఇంకో అడుగు దగ్గరికి వేసింది.

"హోల్కమ్ గారేనా?"

"ఇంకెవరనుకున్నావ్?"

"ఎప్పుడూ స్తంభం పక్కనే కూర్చునేవారు."

"స్తంభం పక్కనే! ఇంకెక్కడ కూర్చుంటాను?" అని ఆయన స్తంభాన్ని పాత స్నేహితుణ్ణి తట్టినట్టు తట్టాడు. "ఎంత బావుండేదమ్మా ఈ ఊరు. మనుషులు మనుషుల్లా ఉండేవాళ్ళు."

"ఆవిడ బావున్నారా? ఆపరేషనయ్యాక..."

ఆయన గొట్టం సర్దుకుని, "ఏం చెప్పను తల్లీ," అని తల అటు తిప్పుకున్నాడు. ఆర్లీన్ మర్యాదగా ఒక చుట్ట తీసి, అంచుకి కొట్టి, బిళ్ళలు ఆయన డబ్బాలో వొంపింది.

ఆ సాయంత్రం బస్సు దిగి, పర్సు కూడా లోపల పెట్టకుండా ఒడెట్ పందిరి కిందకి వచ్చేసింది.

"హోల్కమ్ కనపడ్డాడే! నన్ను గుర్తు పట్టాడు."

"బతికే ఉన్నాడా? ఎన్నేళ్ళుంటాయి, నూటపదా?"

"నేను అడక్కుండానే గుర్తు పట్టాడు. నువ్వు నాకు గుర్తున్నావు, అన్నాడు. ఆయనకైనా గుర్తుందే. అది చాలు."

ఒడెట్ ఆర్లీన్ మొహంలోకి చూసింది. తర్వాత ఆమె చేతులు పట్టుకుని తిప్పి చూసింది.

"ఇంత శుభ్రంగా ఉన్నాయేంటే చేతులు? ఏం పని చేశావు నువ్వు అసలు?"

*

శుక్రవారం గది కిక్కిరిసింది. పైవాళ్ళు కూడా వచ్చారు. సూట్లు వేసుకుని, గోడ పక్కన నిలబడి, మిషన్లని కాకుండా జనాన్ని చూస్తున్నారు. ఆర్లీన్ వరసల మధ్య ఈదినట్టే తిరిగింది. "చిల్లరా... చిల్లర!" ఇవాళ మోత ఉంది. గొంతు దాన్ని కోసుకుంటూ వెళ్ళింది. ఎవరో చప్పట్లు కొట్టారు. గోడ దగ్గర ఒక సూటు మనిషి టేగన్ చెవిలో ఏదో అన్నాడు. టేగన్ దూరం నించే ఆర్లీన్‌కి బొటనవేలు ఎత్తి చూపించింది.

హోల్కమ్ తన చోటే ఉన్నాడు. ఆర్లీన్ పక్కనించి పోతుంటే చెయ్యెత్తాడు.

"కాస్త చూస్తావా తల్లీ? ఇప్పుడే వస్తా."

డబ్బా ఖాళీ చేసి పిడి మీద బోర్లించాడు. కుర్చీని వంచి మిషన్‌కి ఆనించాడు. సిలిండరు లాక్కుంటూ జనంలో కలిసిపోయాడు.

చూస్తావా అని అడగడమేంటి! ఆర్లీన్ ఆ వరస వదల్లేదు. అక్కడక్కడే తిరుగుతూ, ఒక కన్ను డబ్బా మీదే ఉంచింది.

పెళ్ళికూతురని రాసి ఉన్న మెరుపు పట్టీ భుజానికి అడ్డంగా వేసుకుని ఒక పిల్లా, ఆమె స్నేహితురాళ్ళూ గుంపుగా వచ్చారు. స్తంభం పక్క మిషన్ నెత్తి మీద వెలుగుతున్న గుర్రపునాడా ఉంది. గదిలో అలాంటిది అదొక్కటే.

"ఇదే, ఇదే! ఇక్కడ ఫోటో తీద్దాం," అని పెళ్ళికూతురు కుర్చీ లాగబోయింది.

ఆర్లీన్ కుర్చీ వెన్ను మీద చెయ్యి వేసింది. "ఇందులో మనిషున్నారమ్మా."

"ఎక్కడున్నాడు?"

"బాత్రూంలో."

గుంపంతా పకపకా నవ్వింది. అందులో ఒకత్తె కుర్చీ కిందకి వంగి చూసి, "హలో అంకుల్, బావున్నారా?" అంది. మళ్ళీ నవ్వులు. ఈలోపు టేగన్ వచ్చేసింది.

"ఏమైంది ఆర్లీన్? ఖాళీగానే ఉందిగా."

"ఖాళీ కాదు. డబ్బా బోర్లించి ఉంది."

"అవును, బావుంది. కానీ వీళ్ళు నిలబడి ఉన్నారు. టిక్కెట్టు మీద వచ్చారు."

"ఆయన తిరిగొస్తారు."

"వస్తే ఇంకో మిషన్ ఇద్దాం. ఇక్కడ ఆపి ఉంచడాలు అవీ లేవండీ."

"ఇక్కడ లేకపోతే మరి దీనికి 'ఆ రోజులు' అని పేరెందుకు పెట్టారు?"

టేగన్ నవ్వు కొంచెం కూడా తగ్గలేదు. నవ్వుతూనే చెయ్యి చాపి, పిడి మీది డబ్బాని ఎత్తింది. ఆర్లీన్ ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

"పెట్టెయ్. అక్కడ పెట్టెయ్ దాన్ని. దొంగలు నడిపిన రోజుల్లో కూడా ఎవడూ ముట్టుకోలేదే ఆ డబ్బాని! దొంగలు కూడా!"

చుట్టూ ఫోన్లు లేచాయి. గోడ పక్కన సూట్లు కదిలాయి. టేగన్ చాలా మెల్లిగా, "ఆర్లీన్ గారూ, లోపలికెళ్ళి కూర్చోండి ప్లీజ్," అంది. డబ్బాని తన రెండో చేతిలోకి మార్చుకుంది. పెళ్ళికూతురు కుర్చీలో కూర్చుంది. గుర్రపునాడా కింద ఫ్లాష్ వెలిగింది.

ఆర్లీన్ జనం మధ్యనించి నడిచి వెళ్ళింది. బరువున్నట్టు నడవడం గుర్తులేదు. మామూలుగానే నడిచింది.

*

పనివాళ్ళ గదిలో పొడుగాటి బల్ల, మైక్రోవేవు, కూల్‌డ్రింకుల మిషను ఉన్నాయి. బల్ల దగ్గర కూర్చుని ఒకాయన బర్రీటో తింటున్నాడు. ఆక్సిజన్ గొట్టం తీసి కుర్చీ వెన్నుకి తగిలించి ఉంది. చక్రాల సిలిండరు మూల నిలబడి ఉంది. తాడు టై వదులు చేసి ఉంది.

ఆర్లీన్ ముందు గొట్టాన్ని చూసింది. తర్వాత ఆయన్ని.

"రండి, కూర్చోండి," అన్నాడాయన నోట్లో ముద్ద పక్కకి నెట్టి. "మీక్కూడా బ్రేకిచ్చారా? నాకింకా కాస్త టైముంది."

ఆర్లీన్ నిలబడే ఉంది. "మీ మిషన్ ఇచ్చేశారు."

"ఏది? ఓ, ఆ నాడాదా? పోన్లెండి. ఏదైనా ఒకటే. నన్ను స్తంభం పక్కన కూర్చోమన్నది వెలుతురు బావుంటుందని." కాగితపు రుమాలుతో మూతి తుడుచుకుని చెయ్యి చాపాడు. "గోర్డన్. నిన్న పాత్రలో ఉన్నా, పేరు చెప్పడం కుదర్లేదు. మాది ఒహాయో. తివాచీలు అమ్మేవాణ్ణి. కిందటేడు వచ్చాం ఇక్కడికి, మా ఆవిడకి చలి పడదని."

ఆర్లీన్ ఆ చేతి వంక చూసింది. పట్టుకోలేదు.

"నేను గుర్తున్నానన్నారు."

"అది నాకిచ్చిన మొదటి డైలాగండీ. వయసున్నవాళ్ళు ఎవరొచ్చినా ఆ మాట అనమన్నారు. భలే పనిచేస్తుంది. నిన్న ఒకావిడ ఏడ్చేసింది." మొహం మారింది. "మీరు... మీక్కూడా చెప్పుంటారనుకున్నానే. మీరు ఆ హోల్కమ్ అనీ, ఆపరేషననీ అంటుంటే ఎంత బాగా అల్లుతోంది అనుకున్నా. నేను కూడా అదే అందుకున్నా."

"డబ్బా ఎందుకు బోర్లించారు?"

"వెళ్ళేటప్పుడు అలా పెట్టి వెళ్ళమన్నారు. పాతకాలం వాళ్ళు అలా పెట్టేవాళ్ళట." బర్రీటో కాగితాన్ని ఉండ చుట్టాడు. "దేనికండీ అసలు అది? దుమ్ము పడకుండానా?"

ఆర్లీన్ మైక్రోవేవు తలుపులో తన నీడ చూసింది. బంగారు రంగు జాకెట్టు, స్పాంజి పట్టీ, తెల్ల చేతులు.

తలుపు తోసుకుని టేగన్ వచ్చింది. ఇందాకటి కంటే వెలిగిపోతోంది.

"ఆర్లీన్! ఎక్కడున్నారు? పైవాళ్ళు ఫిదా అయిపోయారు!"

"నీ చెయ్యి పట్టుకున్నాను. తప్పే," అంది ఆర్లీన్.

"అయ్యో, అదే కదా అసలు! 'దొంగలు కూడా ముట్టుకోలేదు'. ఏం డైలాగండీ అది! అప్పుడే ఆ వీడియో ఎంతమంది పంచుకున్నారో తెలుసా? రోజుకి మూడు సార్లు పెట్టమంటున్నారు. గోర్డన్ డబ్బా పెట్టి వెళ్తారు, నేను తియ్యడానికొస్తాను, మీరు పట్టుకుంటారు. ఈసారి నేను తగ్గుతాను. మీరే గెలుస్తారు! జనం చప్పట్లు." ఊపిరి తీసుకుంది. "పర్మనెంటు. రేపట్నించే."

"గోర్డన్ సంగతి నాకు చెప్పలేదేం?"

"మీరు సహజంగా ఉండాలని," అంది టేగన్. నిజంగానే, ఏ కపటమూ లేకుండా.

గోర్డన్ గొట్టం తీసి ముక్కుకి పెట్టుకున్నాడు. టై బిగించుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఆర్లీన్ భుజం తట్టబోయి, ఆమె మొహం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

*

"చేస్తానన్నావా?" అంది ఒడెట్.

"అన్నాను."

ఒడెట్ తిట్టలేదు. "రేపు నాకో టిక్కెట్టు ఇప్పించు," అంది ఒడెట్. "నువ్వు గెలవడం ఎప్పుడూ చూళ్ళేదు."

శనివారం మొదటి ఆట సాఫీగానే జరిగింది. డబ్బా, కుర్చీ, టేగన్ చెయ్యి, ఆర్లీన్ చెయ్యి. 'దొంగలు కూడా' అన్నచోట చప్పట్లు పడ్డాయి. గోర్డన్ జనంలోంచి సిలిండరు లాక్కుంటూ వచ్చి, చేతులు చాపి, "నువ్వు నాకు గుర్తున్నావు తల్లీ!" అన్నాడు.

"గుర్తు లేను," అంది ఆర్లీన్. "నీకు నేనేం గుర్తు లేను."

జనం ఘొల్లున నవ్వారు. టేగన్ జనం వెనకనించి, ఇది ఉంచేద్దాం అన్నట్టు గాల్లో టిక్కు కొట్టి చూపించింది.

రెండో ఆటకి కాస్త ముందు ఒడెట్ వచ్చింది. చర్చికి వేసుకునే నీలం గౌను, టోపీ. డబ్బా నిండా బిళ్ళలు పట్టుకుని, స్తంభానికి దూరంగా, వెనక వరసలో, వెలుతురు సరిగ్గా పడని చోట ఒక మిషన్ ఎంచుకుంది. ఆర్లీన్‌ని పలకరించలేదు. ఒక్కో బిళ్ళా వేసి, పిడి లాగి, ఏమొచ్చిందో ప్రతిసారీ వంగి చూసింది. అన్నీ అయిపోయాక లేచి, డబ్బా దులిపి, పిడి మీద బోర్లించింది. కుర్చీని మిషన్‌కి ఆనించింది. పాడైపోయిన ఆ పాదాలతో బాత్రూం వైపు మెల్లిగా నడుచుకుంటూ పోయింది. ఒక్కసారైనా వెనక్కి చూడలేదు.

స్తంభం దగ్గర గోర్డన్ కూడా డబ్బా బోర్లించాడు. జనం అటు జరుగుతున్నారు. ఫోన్లు అప్పుడే లేచాయి. టేగన్ తన చోటికొచ్చి నిలబడి, ఆర్లీన్ వైపు చూసి తలూపింది.

ఒక లావాటి కుర్రాడు, చేతిలో పొడుగాటి కాక్‌టెయిల్ గ్లాసుతో, వెనక వరసలోకి వచ్చాడు. ఒడెట్ కుర్చీ మీద చెయ్యి వేశాడు.

ఆర్లీన్ స్తంభం వైపు వెళ్ళలేదు.

"ఇందులో మనిషుంది," అంది వాడితో.

వాడు అటూ ఇటూ చూశాడు. "ఇది కూడా షోలో భాగమా?"

"కాదు."

వాడు గ్లాసులో గొట్టం పీల్చి, భుజాలు ఎగరేసి పక్క మిషన్‌కి పోయాడు. ఆర్లీన్ కుర్చీ పక్కన నిలబడింది. స్తంభం దగ్గర టేగన్ డబ్బా ఎత్తి పట్టుకుని ఉంది, తన మణికట్టు పట్టుకోవాల్సిన ఆర్లీన్ చెయ్యి రాక. నవ్వు అలాగే ఉంది. ఆర్లీన్ పేరు ఒకసారి పిలిచింది, పాటలా. ఇంకోసారి పిలిచింది, మామూలుగా. గోర్డన్ జనంలోంచి వచ్చి, చేతులు చాపి, ఎవరికి చెప్పాలో తెలీక ముందున్న ఒకావిడకి, "నువ్వు నాకు గుర్తున్నావు," అన్నాడు. ఆవిడ, "నేనా?" అంది. ఫోన్లు ఒక్కొక్కటే దిగాయి.

ఒడెట్ తొందరేం పడలేదు. చాలాసేపటికి వచ్చింది. చేతులు ఇంకా తడిగా ఉన్నాయి, గౌనుకి తుడుచుకుంటూ వచ్చింది. డబ్బా వంక చూసింది. కుర్చీ వంక చూసింది.

"ఉందే!" అంది.

"ఎక్కడికి పోతుంది?"

"ఎవడూ ముట్టుకోలేదా?"

"ఒకడొచ్చాడు. పంపించేశా."

ఒడెట్ కుర్చీ నిలబెట్టి కూర్చుంది. డబ్బా తిప్పి ఒళ్ళో పెట్టుకుని, దాని అంచు మీద కాసేపు వేలు తిప్పింది. టోపీ కింద మొహం కనపడలేదు.

"ఆ పిల్ల వస్తోందే నీకోసం," అంది తలెత్తకుండా.

"రానీ."

"నవ్వట్లేదు."

"ఎట్టకేలకి." ఆర్లీన్ తెల్ల తొడుగులు రెండూ లాగి పట్టీలో దోపేసింది. "నీకు చిల్లర కావాలా, వద్దా?"

"అడిగావు కాబట్టి, ఇవ్వు."

టేగన్ వరసలోకి మలుపు తిరిగింది. ఆర్లీన్ ఒక చుట్ట తీసి, రేకు అంచు మీద కొట్టింది. భుజం కలుక్కుమంది. ఈసారి నొప్పి దాచుకోలేదు. కాగితం చీలి బిళ్ళలు ఒడెట్ డబ్బాలోకి జారాయి. ఒకటి మాత్రం తప్పించుకుని ఎర్ర తివాచీ మీద దొర్లుకుంటూ పోయి, టేగన్ బూటుకి తగిలి ఆగింది.

ఎవరూ వంగి తియ్యలేదు.